పదోవాడు యాకోబు

యాకోబు పోయాడు. మొన్న బుధవారం పొద్దున నజ్మా పేటలోని తన ఇంట్లో, డ్యూటీకి బయలుదేరబోతూ, బూట్లు తొడుక్కుంటూ కుర్చీలోనే ఒరిగిపోయాడట. వార్త విన్న తరువాత ఆ పూటంతా నా చేతిలో కలం కదలలేదు. పన్నెండేళ్ళు ఒకే హోటల్లో పనిచేశాం. ఆయనది సరుకుల స్టోరు, నాది దాని పక్కనే కొనుగోళ్ళ బల్ల. ఆయన్ని గురించి రాయడానికి నాకు మరొక అర్హత కూడా ఉంది. ఈ దోహా నగరంలో యూదుల ప్రార్థనకు పదో మనిషిగా నిలబడిన ఏకైక తెలుగువాణ్ణి నేను.

కృష్ణా జిల్లాలో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన యాకోబు నడివయసులో యూదుల ఆచారం పట్టాడు. శనివారం పని ముట్టడు. సెలవు శుక్రవారమైన ఈ దేశంలో అది సామాన్యమైన దీక్ష కాదు. తోటివాళ్ళ శుక్రవారం డ్యూటీలన్నీ తాను చేసి, తన శనివారాలు వాళ్ళకు అప్పగించేవాడు. "మీ జుమ్మా నా నెత్తిన, నా శనివారం మీ నెత్తిన. యల్లా, కానివ్వండి" అనేవాడు మలబారు వంటవాళ్ళతో.

శనివారం పొద్దున్నే డాబా ఎక్కి, ఈ దేశపు పాలకుడు చల్లగా ఉండాలని ప్రార్థించేవాడు. "ఆయనకు నీ ప్రార్థన దేనికయ్యా?" అన్నాను ఒకసారి.

"ఉన్న ఊరి ఏలిక మేలు కోరడం యూదుల రివాజు శాస్త్రిగారూ. పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో ఉన్నవాడు ఇంకాస్త గట్టిగా కోరాలి" అని నవ్వాడు. మరుక్షణమే నవ్వు మాని, "నన్ను తమవాడని ఒక్క రబ్బీ అంటే చాలండీ" అన్నాడు. రబ్బీ అంటే వాళ్ళ మతగురువు. ఆ ఒక్క కోరికతోనే ఆయన జీవితం గడిచింది.

నిరుడు మా హోటల్లో జరిగిన వ్యాపార సదస్సుకు వచ్చిన విదేశీ బృందంలో ఒక రబ్బీ ఉన్నారు. తమ ఆహారనియమాల కోసం ఆయన స్టోరుకు వచ్చేసరికి, ఎవరూ చెప్పకుండానే యాకోబు కొత్త కత్తులూ, కొత్త పళ్ళేలూ, కోయని పండ్లూ విడిగా పెట్టి ఉంచాడు. రబ్బీ కాసేపు వాటినీ, యాకోబునీ మార్చి మార్చి చూశారు. మధ్యాహ్నం విందులో, అరబ్బు అధికారుల సమక్షంలో, ఆయన లేచి ఈ దేశపు పాలకుని క్షేమం కోరుతూ చిన్న ప్రార్థన చేశారు. వంటగది తలుపు దగ్గర యాకోబు పెదవులు కదలడం నేను చూశాను. అవి డాబా మీది మాటలే.

మర్నాడు ఆ బృందంలో ఒకాయన తండ్రిగారి తిథి. మనకు ఆబ్దికానికి భోక్తలు ఎలాగో, ఆ ప్రార్థనకు వాళ్ళకు పదిమంది యూదు పురుషులు అలాగట. ఉన్నది తొమ్మిదిమంది. రబ్బీ యాకోబుకు కబురు పెట్టారు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. పైన రాసినట్టు పదోవాణ్ణి నేను కాను. జంధ్యం వేసుకున్న నన్ను వాళ్ళెందుకు లెక్కపెడతారు? ఏదో బిల్లు మీద సంతకం నెపంతో వెంటపడి వెళ్ళి నడవాలో నిలబడ్డాను, అంతే. పదోవాడు యాకోబు. రబ్బీ ఆయన భుజం మీద చెయ్యి వేసి లోపలికి తీసుకెళ్ళారు. తలుపు మూసుకుంది. పది కంఠాలు ఒకటైనాయి. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన మనిషి ఆ పూట లెక్కలోకి వచ్చాడు. అటువంటి నిష్ఠాగరిష్ఠుడు మనకు మళ్ళీ దొరకడు. ఆ పుణ్యమూర్తికి నా అశ్రుతర్పణం.

ఇంతవరకూ రాసి, ఆయన భార్య సుగుణమ్మకు చదివి వినిపించాను. ఆవిడ ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. చివరిదాకా విన్నది.

"తలుపు మూసుకున్నాక మీరెక్కడున్నారు అన్నయ్యగారూ?"

"నడవాలోనేనమ్మా."

"మరి మా ఆయన?"

నేను కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాను.

"మీ పక్కనే. వాళ్ళకు తల్లినిబట్టే మతమట. ఆ రబ్బీగారు 'మీ అమ్మ యూదురాలా?' అని అడిగితే, మీరు వెనకనుంచి తెలుగులో 'అవునను, ఎవడొచ్చి చూస్తాడు' అన్నారు. మా ఆయనేమో 'కాదండీ, మా అమ్మ చర్చికెళ్ళేది' అన్నారు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. వాళ్ళు తొమ్మిదిమందే మిగతా ప్రార్థనలు చదువుకున్నారు, ఆ తండ్రిగారి ప్రార్థన మాత్రం చెయ్యకుండానే. వాటికి ఈయన తలుపు బయట నిలబడి ఆమెన్ అన్నారు. అది రాయండి."