అరువు తెచ్చిన వెలుగు

ఇనెకె తొమ్మిదేళ్లు ఒక గ్రహం పైగాలితో కాపురం చేసింది. హాలండ్‌లోని మా లైడెన్ అబ్జర్వేటరీలో అందరూ అలాగే అనేవారు. అది గురుగ్రహమంత లావు, తన నక్షత్రానికి అతుక్కుపోయినట్టు తిరుగుతుంది. ఆ వేడికి దాని పైపొరల్లో గాలి ఎంత ఉడికి, ఎంత ఆకాశంలోకి ఎగిరిపోతుందో కంప్యూటర్లో లెక్క కట్టడం ఆమె పని. ఆ కంప్యూటర్లు చూసుకునేవాణ్ణి నేను. మీ లావాయన ఇవాళ ఎంత చిక్కాడని అడిగితే నవ్వేసేది.

ఆ లెక్కకు నక్షత్రం నుంచి వచ్చే అతినీలలోహిత కాంతి ఎంతో తెలియాలి. అందులో ముఖ్యమైన భాగం దారిలోనే హరించుకుపోతుంది, మన దాకా రాదు. అందుకని అలాంటిదే ఇంకో నక్షత్రం కాంతిని అరువు తెచ్చుకుంటారు. ప్రొఫెసర్ హార్మెన్ ఒక పడుచు నక్షత్రాన్ని చూపించి దాన్నే వాడమన్నాడు. మనది ముసలిది, దానికింత ఉగ్రత ఉండదని ఇనెకె మొదట్లోనే చెప్పింది. నక్షత్రాల వయసు నాకు నేర్పుతావా అని అందరి ముందూ నవ్వాడతను. ఆమె ఆ పడుచుదాని కాంతే లెక్కలో పెట్టింది. అది చూసి నాకు ఒళ్లు మండింది. గాలి పెద్ద తోకలా కారిపోతోందని లెక్కలో తేలింది. టెలిస్కోపులో ఆ తోక కనబడితే పర్మనెంటు ఉద్యోగం నీదేనని హార్మెన్ మాటిచ్చాడు. కనబడకపోతే ఆ నెలతో కాంట్రాక్టు అయిపోయి ఇంటికే.

టెలిస్కోపు ఫలితాలు సోమవారమే అతని చేతికొచ్చాయి. నోరు విప్పలేదు. గురువారం ఇనెకె పుట్టినరోజు. మా దగ్గర పుట్టినరోజు ఎవరిదైతే కేకు వాళ్లే తేవాలి. ఆమె యాపిల్ కేకు చేసి తెచ్చింది. హార్మెన్ రెండు ముక్కలు తిని, మూతి తుడుచుకుని, గోడమీద గ్రాఫు వేశాడు. గీత చదునుగా ఉంది. తోక లేదు. ఉద్యోగం యోరిట్‌కి ఇచ్చామన్నాడు. యోరిట్ నిరుడు చేరినవాడు. ఇనెకె ప్రోగ్రామే తీసుకుని, అందులో ముసలి నక్షత్రం కాంతి పెట్టి, తోక ఉండదని చెప్పినవాడు.

"ఆ పడుచు నక్షత్రాన్ని వాడమన్నది నువ్వే కదా హార్మెన్," అంది ఇనెకె.

"అన్నాను. నేనన్నానని తొమ్మిదేళ్లు నమ్ముతావా? అనుమానించడం చేతకానివాళ్లకి ఇక్కడ పనేముంది?"

అందరూ ప్లేట్లలోకి చూశారు. అతని చెంప పగలగొట్టాలనిపించింది నాకు. హార్మెన్ ఇంకా ఆపలేదు. ప్రోగ్రాం లోపలి సంగతులు యోరిట్‌కి పూర్తిగా తెలియవనీ, నెలాఖరు దాకా పక్కన కూర్చుని నేర్పి వెళ్లమనీ చెప్పాడు.

ఇనెకె కాసేపు ఆ గీతను చూసింది. తర్వాత యోరిట్ పక్కకు కుర్చీ లాక్కుంది.

"నీకు ఎక్కడ అర్థం కాలేదు?" అని అడిగింది.