ఆపొద్దు, చెప్తే చాలు

ఆ ఆసుపత్రిలో అందరూ ఆయన్ని అనుమానాల మేస్త్రీ అనేవారు. జనరేటర్ బాగుచేసి గేటు దాకా వెళ్ళి, బోల్టు బిగించానో లేదో అని మళ్ళీ వెనక్కొచ్చే మనిషి మరి. ప్యానెల్లో రక్షణ సెట్టింగు ఒక్కటి తీసెయ్యమని ఎవరు బతిమాలినా, "ఇంజను పోతే మీ తాత తెస్తాడా?" అని కసిరేవాడు. మంచివాడే, నోరే కాస్త దురుసు.

ఆ వారం మాత్రం ఎవరినీ కసరలేదు. నెలలు నిండకుండా పుట్టిన మనవరాలు పైఅంతస్తులో గాజుపెట్టెలో ఉంది. కూతురికి జ్వరమని బిడ్డ దగ్గరికి రానివ్వడం లేదు. పెట్టెకి వెచ్చదనం కరెంటుదే, అది పోతే కింద షెడ్డులో జనరేటర్‌దే.

ఇంజను నీళ్ళ వేడి చూసే సెన్సర్ పాడైతే, పాతరకం దొరక్క ఇంకో కంపెనీది బిగించాడు. కొత్త సెన్సర్ ఎంత వేడికి ఏ సంకేతమిస్తుందో ప్యానెల్‌కి నేర్పాలి. లేకపోతే చల్లటి నీళ్ళు కూడా మరుగుతున్నాయనుకుంటుంది. ఆ అంకెలు ఎక్కించడానికి కూర్చున్నాడో లేదో, కరెంటు పోయింది. ఇంజను అందుకుని, వెంటనే ఆగిపోయింది.

"ఏమైంది మేస్త్రీ?" అంటూ ఆపరేటర్ పరిగెత్తుకొచ్చాడు.

"వేడెక్కలేదు. వేడెక్కిందని దీని భ్రమ."

"పెట్టె ఆరిపోయింది!" పైనుంచి నర్సు కేక.

ఆయన ఒక్క ఉదుటున ప్యానెల్ మీదికి వంగాడు. వేడెక్కితే ఇంజను ఆపెయ్యమనే సెట్టింగు తీసి, హెచ్చరిస్తే చాలని పెట్టాడు. అంత పని చెయ్యడం జీవితంలో మొదటిసారి. పాస్‌వర్డ్ నొక్కేటప్పుడు ఎప్పుడూ వీపు అడ్డం పెట్టేవాడు, ఆ కంగారులో మరిచాడు. ఇంజను నడిచినంతసేపూ రేడియేటర్ గొట్టాన్ని అరచేత్తో తాకి చూస్తూ నిలబడ్డాడు. కరెంటొచ్చాక అంకెలన్నీ ఎక్కించి, సెట్టింగు మళ్ళీ మామూలుగా పెట్టాడు.

"ఇంత తేలికని ముందే చెప్పొచ్చుగా మేస్త్రీ!" అన్నాడు ఆపరేటర్ నవ్వుతూ.

ఆ నవ్వు చూడగానే, వీడు పాస్‌వర్డ్ చూసేశాడని ఆయనకి అర్థమైంది. పాస్‌వర్డ్ మార్చెయ్యాలనుకున్నాడు. అంతలో నర్సు బిడ్డని చూడ్డానికి రమ్మంది. "ఈసారి పెట్టె ఆరిపోతే గుండెకి ఆనించి పట్టుకోండి, ఒంటి వేడి చాలు" అని చెప్పింది. గాజులోంచి ఆ చిట్టి పిడికిలి చూశాక, లోకంలో పాస్‌వర్డనేది ఒకటుందనే మరిచిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం మందులషాపులో ఉండగా కరెంటు పోయింది. ఫోన్ మోగింది.

"కంగారుపడకండి మేస్త్రీ. వేడని మళ్ళీ ఆగింది. నిన్న మీరు చేసినట్టే చేశా, నడుస్తోంది."

"గొట్టం పట్టుకుని చూశావా?"

"ఎందుకు? అది దాని భ్రమేగా!"

"నిన్నే అంకెలు ఎక్కించాను, ఇవాళ అది నిజమే చెబుతోందిరా! ఆపు!"

అంతలో ఇంజను హోరు పెరిగి ఆ మాట అవతలికి చేరలేదు. మందులక్కడే వదిలేసి పరిగెత్తాడు. గేటు దాటేసరికి షెడ్డులో ఇంజను కీచుమని బిగుసుకుపోయింది. ఆపరేటర్ "మేస్త్రీ!" అని అరుస్తున్నాడు. ఆయన అటు తిరిగి కూడా చూడలేదు. చొక్కా గుండీలు విప్పుకుంటూ మెట్లెక్కాడు.