కాలిన చేతికి ఐసు

నాలాంటి తెలివైనవాడు గోల్ ఘర్ బజారులో ఇంకొకడు లేడు. మరిగే నూనె బాణలి తిరగబడి తమ్ముడు చేపలు కోసే చెయ్యి కాలగానే, మా కొట్టులోని ఐసంతా దాని మీద కుమ్మరించాను. చేపను కాపాడేది మనిషిని కాపాడదా?

అంబులెన్సులో వచ్చినావిడ ఆ ఐసు తీసేసి, మామూలు నీళ్ళు పోసి, వాడికి దుప్పటి కప్పింది.

"కాలినోడికి దుప్పటేటి దీదీ? సగం ఐసైనా ఉంచు," అని బేరమాడాను.

"వణికిపోతన్నాడు, దిఖ్తా నహీ క్యా భయ్యా, కనపడట్లేదా? ఆ రెండో చెయ్యి పట్టుకో, బస్, అంతే చాలు."

పట్టుకున్నాను. మంచుగడ్డలా ఉంది. కాలిన మనిషికి చలేమిటో నాకు అర్థం కాలేదు. దారంతా ఆవిడ నన్నొక్క మాట అనలేదు. ఎందుకో ఇప్పటికీ తెలియదు.

చెయ్యి దక్కింది. డాక్టరు చెప్పినదాన్ని బట్టి, మచ్చలో అరచేతంత నూనెది, రెండు వేళ్ళ మేర నా ఐసుది.