ఇది ఏ చేలో పండిందే?

నా చేతిరాత బాగుండదు. ఊరి బడిలో నేర్చిన అక్షరాలే, తప్పులుంటే సర్దుకుని చదవండి. మా వదిన పోయింది. రెండు వారాల కిందట సంత రోజు పొద్దున పెరట్లో ఎండకి కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ అలా గోడకి ఒరిగింది. కునుకు తీస్తోందనుకున్నాం.

నేను మాటకారిని కాను. మా అన్న పోయాక కూడా వాళ్లింట్లోనే నా తిండి. సంతలో పసుపు బేరమాడాలన్నా, చుట్టాలని పలకరించాలన్నా నా మాట కూడా వదినే మాట్లాడేది. "మా మరిది నోరు దేవుడికి మొక్కేసుకున్నాడు" అని నవ్వేది. ఇప్పుడు ఆమె గురించి నేను చెప్పాల్సి వచ్చింది.

వదిన మనవరాలు, మేమంతా గుంట అని పిలిచే పిల్ల, ఆశ్రమ బడిలో ఉండి చదువుకుంటోంది. పోయినేడు వానలు మొదలైనప్పుడు దాన్ని ఇంటికి పంపేశారు. రక్తం బాగా తక్కువుందట. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ముఖం పాలిపోయింది. మా ఊరొచ్చే నర్సమ్మ మాత్రలిచ్చి, "తిండి సరిగ్గా పెట్టండి. కోతల నాటికి బలం రాకపోతే విశాఖ పెద్దాసుపత్రిలో చేర్చాలి. బడి సంగతి ఆ తర్వాతే" అంది.

గుంటకి బడంటే ప్రాణం. అయినా ఇంట్లో ముద్ద ముట్టదు. తల్లి లేని పిల్ల. దాని తండ్రి, అంటే వదిన కొడుకు, టూరిస్టులకి జీపు తోలతాడు. కూతురు ఏదో ఒకటి తింటే చాలని, సాయంత్రం రోడ్డు మీది ఫాస్ట్ ఫుడ్ బండి నుంచి నూడుల్స్, మంచూరియా పొట్లాలు తెచ్చేవాడు. అది అవే తినేది. అంబలి చూస్తే ముక్కు మూసుకునేది. వదిన ఇద్దర్నీ ఏమీ అనలేదు.

మా కొండల్లో కొత్త పండగ చెయ్యకుండా ఏ కొత్త పంటా నోట పెట్టం. మామిడైనా, చిక్కుడైనా, సామలైనా ముందు అడ్డాకులో పెట్టి, పోయిన పెద్దల్ని పిలవాలి. అది ఏ చేలో పండిందో, ఎవరు విత్తారో, ఎవరు కోశారో వాళ్లకి చెప్పి మొదటి ముద్ద తినాలి. మా ఇంట్లో ఆ పిలుపు వదినది.

ఒక సాయంత్రం ఆమె పొట్లం వైపు చూసి "దీనికి కొత్త సేసారేటి?" అంది.

"నేదు. నువ్వు సేసియ్యి అమ్మా" అని కొడుకు నవ్వాడు. గుంట నిజంగానే అడ్డాకు తెచ్చి నూడుల్స్ వడ్డించింది. వదిన కొంగు నడుముకి దోపుకుని చేతులు జోడించింది.

"పెద్దలారా, వచ్చి తినండి. ఇది... ఓలే గుంటా, ఇది ఏ చేలో పండిందే?"

"బండి మీద, మామ్మా."

"బండి మీద వండారు. పండిందెక్కడ?"

గుంట తండ్రి వైపు చూసింది. "నాకేటి తెల్సు? ప్యాకెట్లో వత్తాది" అన్నాడతను.

"ఎవులు సేసారు?"

"మిషను."

"ఆ మిషను పేరేటి మరి? పిలవాల గదా!"

అందరం నవ్వాం, గుంట కూడా. వదిన మాత్రం పద్ధతి తప్పకుండా ఒక ముద్ద తిని ముఖం చిట్లించింది. "ఉప్పు గుమ్మరించీసారు. పెద్దలకి దాహమేసి మన బిందెలన్నీ ఖాళీ సేసెత్తారు." తర్వాత గుంటతో, "సామల కొత్తకి పిలుపు నువ్వు సెప్పాల. నాకు గొంతు రావడం నేదు. సేను సూడకుండా ఏటి సెప్తావు? రేపు నాతో రా" అంది.

చేలో మంచె మీద కూర్చుని చిలకల్ని తోలడం గుంట పని. కొండ మీద ఏ బండీ లేదు. వదిన సొరకాయ బుర్రలో రాగులతో కాచిన చోడి అంబలి తెచ్చేది, నంచుకోడానికి వలిసె గింజల పచ్చడి. తను తాగి, బుర్ర గుంట పక్కన పెట్టి, మాటైనా అనకుండా కలుపుకి వెళ్లిపోయేది. "తిను తిను అనకండి. ఆకలిని రానియ్యండి" అని మాకూ చెప్పింది. ఒకరోజు దిగొచ్చేటప్పుడు బుర్ర ఎత్తి చూసింది, తేలిగ్గా ఉంది. ఎవరికీ చెప్పొద్దని నాకు కళ్లతో సైగ చేసింది. నేనెలాగూ చెప్పను.

ఆ తర్వాత మునగాకు పప్పు, వెదురు కొమ్ముల కూర, కొత్త చేశాక సామల అన్నం. కొత్త రోజున గుంట లేచి నిలబడి, "కొండవాలు చేలో పండింది. మామ్మ విత్తింది. నేను చిలకల్ని తోలాను. చినతాత కోశాడు" అని గట్టిగా పిలిచింది. ఆ చినతాత నేనే. నా గురించి అంత గట్టిగా ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

నర్సమ్మ మళ్లీ రక్తం చూసి విశాఖ అక్కర్లేదంది. గుంట బడికెళ్లింది.

ఇప్పుడు మామ్మ కార్యానికి వచ్చి, సెలవులకి ఇంట్లోనే ఉంది. కార్యం అయిన సాయంత్రం పొయ్యి వెలిగించే మనిషి లేక తండ్రి మళ్లీ పొట్లాలు తెచ్చాడు. అందరం తిన్నాం. మళ్లీ మొదటికే వస్తుందేమోనని నాకు దిగులేసింది. తెల్లారేసరికి గుంట చోడి పిండి డబ్బా దింపుతోంది.

"నాన్నా, ఇకమీద జీపులో కేరేజీ ఎట్టుకెల్లు. నాను కడతాను."

"నీకు అంబలి కాయడం వచ్చేటే?"

"ఉండలు కడితే నమిలియ్యి."

ఉండలే కట్టింది. అతను నమిలే మింగాడు.

చిక్కల్లా ఒకటే. అంబలికని రాత్రి నానబెట్టిన పిండి ఈ చలికి పులవడం లేదు. వదిన ఏం చేసేదో మాలో ఎవరికీ తెలీదు. మీ ఇళ్లలో ఎలా చేస్తారో బేగి ఉత్తరం రాయండి, దాని సెలవులు అయిపోకముందే. ఇది రాస్తుంటే చూస్తున్నాను. తన బడి స్వెట్టరు విప్పి పిండి కుండకి తొడిగింది. రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని, వంగి, కుండకి చెవి ఆనించి, పులుపు బుడగల చప్పుడు వస్తుందేమోనని వింటోంది.