దిగుడుబావి మెట్టు మీద పిల్ల

తొంభైల చివర్లో నేను నల్లపాడు దగ్గర ఒక బడిలో తెలుగు చెప్పేదాన్ని. ఒక పిల్లల మాసపత్రికవాళ్లు పాతకాలం మీద రెండు పేజీల కథ అడిగితే నూట అరవై ఏళ్ల కిందట మా వైపు జనం ఆకలికి రాలిపోయిన డొక్కల కరువు గురించి రాశాను. ఒక తల్లి ఇద్దరు ఆడపిల్లలతో దాచేపల్లి వైపు నుంచి సముద్రం దిక్కుకు తిండి కోసం నడుస్తుంది. చిన్నది ఇక నడవలేకపోతే చింతచెట్టు కింద కూర్చోబెట్టి, "నీళ్లు తెస్తానమ్మా, కదలకు" అని చెప్పి, పెద్దదాని చెయ్యి పట్టుకుని వెళ్లిపోతుంది. చోటు చాలక కథ అక్కడే ఆపేశాను. అంతా నా ఊహే.

పత్రిక వచ్చిన మధ్యాహ్నం నాయనమ్మకు చదివి వినిపించాను. ఆవిడ వసారాలో మిరపకాయల తొడిమలు తీస్తోంది. చివరికొచ్చేసరికి ఆవిడ చేతులు ఆగిపోయాయి.

"చెట్టు కాదే, దిగుడుబావి. పైమెట్టు మీద కూర్చోబెట్టింది."

"ఇది కథ నాయనమ్మా. నేను కల్పించాను."

"నీకెవరు చెప్పారే? మా అమ్మ నాకొక్కదానికే చెప్పింది. ఆ పెద్దపిల్ల మనవరాలే మా అమ్మమ్మ."

నేను పత్రిక మూసేశాను. "చిన్నదాని పేరేంటి?" అని అడిగాను.

"ఎవరూ పలకలేదు. పలికితే పిలిచినట్టు అవుద్దని భయం. పెద్దది మాత్రం చచ్చేదాకా ఏ బావి గట్టూ ఎక్కలేదంట."

తర్వాతి నెల పత్రికవాళ్లు ఉత్తరం రాశారు. ఆ పిల్ల ఏమైందని పిల్లలు అడుగుతున్నారట. నాయనమ్మ కూడా, "దొరికిందని రాయవే, పోయేదేముంది" అంది. రాశాను. ఉప్పుబళ్లవాళ్లు పిల్లను చూసి, బండెక్కించుకుని చీరాల తీసుకెళ్లారని, అక్కడ ఒక నేతపనివాళ్ల ఇంట్లో పెరిగిందని. అదీ చదివి వినిపించాను.

"బండివాళ్లు అన్నం పెట్టారా?"

"పెట్టారు."

"ఏమన్నం?"

"జొన్నన్నం."

"మజ్జిగ పోశారా?"

అది కథలో లేదు. "పోశారు నాయనమ్మా" అన్నాను. తలూపింది. ఆ పూట ఆవిడ కూడా కడుపునిండా తింది.

పదిరోజులు గడిచాక పిలిచి, "మొదటి కథ చదవవే" అంది.

"అందులో దొరకదు కదా?"

"నువ్వు రాసిన పిల్ల చీరాల్లో సుఖంగానే ఉందిలే. మనది ఇంకా అక్కడే కూర్చునుంది. ఎవరో ఒకరం చూసి రావద్దూ?"

చదివాను. ఆ ఏడాది ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. చింతచెట్టు అని అచ్చయిన చోట దిగుడుబావి అని చదివేదాన్ని. "కదలకు" అన్న మాట దగ్గర నాయనమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకునేది.

ఆవిడ పోయాక ఆ పత్రిక మళ్లీ తెరవలేదు. బడిలో పిల్లలు పాతకాలం కథ చెప్పమంటే రాజులవీ కోటలవీ చెప్పేదాన్ని. ఒకరోజు ఒక పిల్ల లేచి, "టీచర్, అప్పుడు మామూలోళ్లు లేరా?" అని అడిగింది.

ఉన్నారని చెప్పి, కూర్చోమన్నాను.