కొమ్ము పిడి గెలిచింది

జేబు కత్తికి ఏ పిడి మంచిదన్న విషయం మీద మా బావకూ నాకూ నా పెళ్లినాటి నుంచి తగాదా. చెమట చేతిలో తుమ్మచెక్క జారదని ఆయన వాదన. చెక్క ఎండకు చీలుతుంది, బర్రె కొమ్ము ఏళ్లు గడిచినా అలాగే ఉంటుందని నాది. ఇన్ని పుస్తకాలు చదివీ కత్తి పట్టడం రాలేదని నలుగురిలో నన్ను ఎగతాళి చేసిన మనిషి ఆయన. ఆయన తుమ్మపిడి నిలువునా చీలిందని విని, ఈ రోజు నా కొమ్ము పిడి కత్తి జేబులో వేసుకుని కోవిల్‌పట్టిలో, బావ ఉండే విరుదునగర్‌కు బస్సెక్కాను.

కత్తిని చేతికి ఇస్తే గొడవలొస్తాయని మావాళ్లు కింద పెట్టి ఇస్తారు. నేను కావాలనే ఆయన చేతిలో పెట్టాను. ఒకప్పుడైతే అంతెత్తు లేచేవాడు. నిదానంగా తిప్పి చూశాడు.

"నువ్వు చెప్పిందే సరి బావా. కొమ్మే మేలు."

"అంతేనా? ఇంకేమీ అనవా?"

"సండ వేసేదానికి, తగాదా పడేదానికి ఒంట్లో బలం లేదు బావా. కాపి తాగి పో."

గెలిచి ఇంత దిగులుగా ఎప్పుడూ ఇంటికి రాలేదు. చెక్క పిడే గొప్పదనేవాళ్లు మీలో ఎవరైనా ఉంటే దయచేసి రాయండి. కాస్త గట్టిగానే తిట్టండి.