మజ్జిగలో నరాల మందు

మామిడికాయలు దింపే రోజుల్లో ఒక మధ్యాహ్నం నా అన్నంలో పురుగుమందు వాసన వచ్చింది. అనుమానపడటానికి కారణం లేకపోలేదు. మా ఆయనకు తిరువూరులో పురుగుమందుల కొట్టు ఉంది. కంచం ఆయన ముందుకు జరిపి చూడమన్నాను. ఆయన ఒక ముద్ద తినేసి, "నాకేం రావట్లేదే సుజాతా" అన్నారు. అంత ధైర్యంగా తిన్నారంటే, ఏ పక్క కలపలేదో ఆయనకు తెలిసే ఉంటుందనుకున్నాను.

నేను ప్రైవేటు స్కూల్లో ఐదో తరగతికి లెక్కలు చెబుతాను. ఆ వారంలోనే, నేను స్టాఫ్‌రూమ్‌లోకి అడుగుపెట్టగానే మాటలు ఆగిపోతున్నట్టు తోచింది. నిద్ర పట్టడం మానేసింది. ఇంట్లో నా అన్నం నేనే వండుకుని, గిన్నె ఒళ్లో పెట్టుకుని తినేదాన్ని. మజ్జిగ ఒక్కటే నమ్మేదాన్ని, అందరూ ఒకే కుండలోంచి తాగుతారు కాబట్టి. అత్తయ్య దిష్టి తీశారు. నెమలి ఊళ్లోని వేణుగోపాలస్వామికి మొక్కుకున్నారు. చివరికి మా ఆయన, "విజయవాడలో మంచి నరాల డాక్టరున్నారంట, ఒకసారి చూపిద్దాం" అన్నారు. మా వైపు మనసుకొచ్చే ఏ జబ్బునైనా నరాల మీదికి తోసేస్తారు. నరాలైతే పరువు పోదు కదా!

రక్తపరీక్షలు, థైరాయిడ్, సీటీ స్కాన్ అన్నీ అయ్యాయి. "రిపోర్టులన్నీ నార్మల్" అని డాక్టరుగారు అనగానే నా అనుమానం ఇంకా గట్టిపడింది. నాలో ఏ లోపమూ లేనప్పుడు వాసన నిజమే అయ్యుండాలి. ఆయన "సైకోసిస్" అన్నారు, లేనిది ఉన్నట్టు తోచే జబ్బట. ఆయనా మా ఆయనా ముందే మాట్లాడుకున్నారని నాకు తోచింది. రాసిచ్చిన బిళ్లలు బస్టాండులోనే పారేశాను.

విచిత్రమేమిటంటే, ఏ మందూ వేసుకోకుండానే కొన్నాళ్లకు వాసన పలచబడింది. నిద్ర పట్టింది. మొక్కు ఫలించిందని అత్తయ్య అంటే, నేనూ సరేననుకున్నాను. కానీ చేతులు బిగుసుకుపోయేవి. బోర్డు మీద నా అంకెలు చిన్నవైపోయి, పిల్లలు "కనబడట్లేదు మేడమ్" అనేవారు. నాలుక మందంగా ఉండేది. ఎందుకో ఎవరినడిగినా చూపు తిప్పుకునేవారు.

ఒకరోజు స్కూలు నుంచి పెందలాడే వచ్చి వంటింట్లోకి వెళ్లాను. అత్తయ్య నా మజ్జిగ గ్లాసులో చిన్న సీసాలోంచి చుక్కలు వేస్తున్నారు.

"ఏంటత్తయ్యా అది?"

"నరాల బలానికమ్మా. మీ ఆయనే తెచ్చాడు."

వీధిలోకి వచ్చి గట్టిగా అరిచాను. నా తిండిలో ఏదో కలుపుతున్నారని వచ్చినవాళ్లందరికీ చెప్పాను. వాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. పక్కింటావిడ నా భుజం మీద చెయ్యేసి, "పాపం, ఆ జబ్బులో అలాగే అనిపిస్తుందంటమ్మా" అంది. అంటే నా నరాల జబ్బు సంగతి వీధంతా తెలుసన్నమాట, నాకు తప్ప!

వినగడపలో ఉన్న మా అక్క దగ్గరికి వెళ్లిపోయాను. మందు ఒక్కసారిగా ఆగిపోవడంతో వాసన తిరిగొచ్చింది. అక్క వండినదీ తినలేదు. అక్క మిగతావాళ్లలా నచ్చజెప్పలేదు. ఫోను స్పీకర్లో పెట్టి మా ఆయనకు చేసింది.

"మరిదిగారూ, ఉన్నమాట చెప్పండి. కలిపారా, లేదా?"

"కలిపాం వదినా. బిళ్లంటే మింగదాయె. పిచ్చాసుపత్రి మందులు వాడుతోందని తెలిస్తే స్కూల్లో ఉండనిస్తారా?"

నాకు కోపంతో ఏడుపొచ్చింది. ఎవరూ ఏమీ కలపనప్పుడు కలిపారన్నాను, అది జబ్బు. నిజంగా కలిపినప్పుడూ అదే మాట అన్నాను, అది నిజం. రెండుసార్లూ నాకు దొరికింది ఒకటే జవాబు.

అక్కా, మా ఆయనా తోడు రాగా మళ్లీ విజయవాడ వెళ్లాను. "కలపమంది మీరేనా?" అని డాక్టరుగారిని సూటిగా అడిగాను.

"చుక్కలు ఇచ్చింది నేనేనమ్మా. అప్పుడు మీరు బిళ్లలు పారేశారు, ఇంట్లోవాళ్లు పెట్టిన తిండి కూడా మానేశారు. నిద్ర పట్టగానే మీకు చెప్పమన్నాను." మా ఆయన తల దించుకున్నారు. "చేతుల బిగుతు సైడ్ ఎఫెక్ట్. మీరు నాతో అనుంటే అప్పుడే డోసు తగ్గించేవాణ్ణి."

"మందు వాడుతున్నట్టే తెలియనిదాన్ని, ఏమని చెబుతానండీ?" అన్నాను. ఆయన ఒప్పుకున్నారు. మందు మార్చి, చీటీ నా చేతికే ఇచ్చారు.

ఇప్పుడు బిళ్ల నేనే వేసుకుంటున్నాను. అంకెలు మళ్లీ పెద్దవయ్యాయి. "నరాలెలా ఉన్నాయి మేడమ్?" అని ఎవరైనా గొంతు తగ్గించి అడిగితే, "నరాలు దుక్కల్లా ఉన్నాయి, మందు మనసుకండీ" అంటాను. ఆ మధ్య ఒకావిడ తన కూతుర్ని వేరే సెక్షన్‌కు మార్పించింది. నా వల్లేనా, లేక నా అనుమానం మళ్లీ మొదలైందా అని భయపడి హెడ్‌మాస్టరుగారినే అడిగాను. "మీ వల్లేనమ్మా" అన్నారు. బాధేసింది. కానీ ఆ సాయంత్రం చాలా తేలిగ్గా ఇంటికి నడిచాను.

మా ఆయన మంచివారే. నేను బతకాలనే కలిపారు. అయినా ఆయన మజ్జిగ పోసి ఇస్తే ఇప్పటికీ గ్లాసు పట్టుకుని కూర్చుంటాను, తాగలేను. దీనికి మందు లేదన్నారు డాక్టరుగారు.

ఇలాంటి మనిషి మీ ఇంట్లో ఉంటే నేను చెప్పేది ఒక్కటే. గత్యంతరం లేక మందు కలపాల్సివస్తే, డాక్టరును అడిగే కలపండి. కాస్త తేరుకున్న రోజే ఆ సంగతి మీ నోటితో మీరే చెప్పండి. "ఏదో కలిపారు" అని వాళ్లంటే, "అది నీ జబ్బు" అని మాత్రం అనకండి, కలిపిన చేత్తో.